ఇంట్లో రీఫ్ ట్యాంకు: ఏడు సీసాల్లో మీకు ఏది కావాలి?

విజయనగరంలో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), అందులో జత క్లౌన్ చేపలు, మష్రూములు, జోవాంథిడ్లు, ఒక లెదర్ కోరల్ (ఈ మూడూ మెత్తటి పగడపు రకాలు) ఉన్నాయన్నారు. కొట్టువాళ్లు కాల్షియం, ఆల్కలినిటీ, మెగ్నీషియం, అయోడిన్, స్ట్రాంషియం, ట్రేస్ ఎలిమెంట్లు (లేశమాత్రంగా ఉండే ఖనిజాలు), అమైనో ఆమ్లాలు అని ఏడు సీసాలు రాసిచ్చారట. వీటిలో ఏవి తప్పనిసరి అని అడిగారు. నేను శ్రీకాకుళంలో దాదాపు ఇలాంటి ట్యాంకే పెంచుతున్నాను. నా మాట వింటే, ఇప్పటికి ఒక్కటీ కొనకండి. రేపు ఏదైనా అవసరమైతే ముందుగా ఆల్కలినిటీదే (నీటిలోని కార్బొనేట్, బైకార్బొనేట్ల నిల్వది) అవసరం పడుతుంది. అది ఎప్పుడన్నది మీ నీళ్లను కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడం ఉప్పుతో మొదలుపెట్టండి. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) ఉన్న సముద్రపు నీటిలో కాల్షియం 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) దరిదాపుల్లో, మెగ్నీషియం 1,300కి కాస్త అటూఇటూ, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) వరకు ఉంటాయి. ట్యాంకులో ఉప్పు 33కి దిగితే కాల్షియం కూడా దాంతోపాటే 396కి దిగుతుంది. కాల్షియం తగ్గిపోయిందని చాలామంది కంగారుపడేది ఇక్కడే. అప్పుడు వేయాల్సింది ఉప్పు. ఎండాకాలంలో దీనికి ఎదురు జరుగుతుంది. నీళ్లు ఆవిరై, ఉప్పు చిక్కబడి, అంకెలన్నీ బాగున్నట్టు కనిపిస్తాయి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయండి, బోరు నీళ్లు వద్దు.

ఉప్పు సరిగ్గా నిలిచాక ఆల్కలినిటీ చూడండి. ఏమీ కలపకుండా, నీళ్లు మార్చకుండా, రోజూ ఒకే వేళకు కొలిచి వారం పాటు రాసుకోండి. కాల్షియం కాకుండా ఇదే ఎందుకంటే, పగడమైనా రాతి మీది గులాబీ పూతైనా (అది సున్నం కట్టే ఒక నాచు) తన ఒంట్లో కాల్షియం కార్బొనేట్ కట్టుకునేటప్పుడు 1 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం 7 పీపీఎం మాత్రమే ఖర్చవుతుంది. ఆల్కలినిటీ 8 నుంచి 7కి పడితే నీళ్లు పరీక్షించే కిట్టులో స్పష్టంగా కనిపిస్తుంది. కాల్షియం 420 నుంచి 413కి పడితే మన ఇళ్లలో వాడే కిట్లు పట్టుకోలేవు.

మీ మెత్తటి జీవాలకు గట్టి అస్థిపంజరం ఉండదు కాబట్టి వాటి వాడకం బాగా తక్కువ. (గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఎవరైనా సముద్రంలోంచి తీసి తెచ్చి అమ్మజూపితే దయచేసి కొనకండి.) వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే ఎంత లోటు పూడుతుందో లెక్క వేయవచ్చు. వారానికి 0.1 డీకేహెచ్ పడే ట్యాంకు, కొత్తగా కలిపిన ఉప్పునీటి కంటే సుమారు 1 డీకేహెచ్ కిందికి వచ్చి అక్కడే నిలుస్తుంది. అంతవరకూ ఫరవాలేదు. రోజుకే 0.3 పడుతుంటే మాత్రం నీళ్లు మార్చి నెగ్గుకురాలేం. నా ట్యాంకులో రాళ్లూ వెనక అద్దమూ గులాబీ పూతతో నిండాకే ఆ తేడా కనిపించింది. అప్పుడే ఆల్కలినిటీ కలపడం మొదలుపెట్టాను, అదీ ఒట్టి వంట సోడాతో.

100 లీటర్లకు 3 గ్రాముల వంట సోడా కలిపితే 1 డీకేహెచ్ పెరుగుతుంది. రాళ్లూ ఇసుకా పోను మీ ట్యాంకులో 170 లీటర్ల నీళ్లుంటాయనుకుంటే, 0.3 పెంచడానికి గ్రామున్నర చాలు. ఆర్వో నీటిలో పూర్తిగా కరిగించి, పంపు నుంచి నీరు వేగంగా వచ్చే చోట నెమ్మదిగా పోయండి. రోజుకు 1 డీకేహెచ్ మించి పెంచకండి. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అది వేయకూడదు. తర్వాతెప్పుడైనా కాల్షియం కూడా వేయాల్సి వస్తే రెండూ ఒకేచోట, ఒకేసారి పోయవద్దు. తెల్లగా విరిగి అడుగున పడతాయి.

కిట్లు ఖరీదనుకుంటే, మన తీరంలో రొయ్యల చెరువుల వాళ్లు నీళ్లు చూపించుకునే ఆక్వా ల్యాబులు ఉన్నాయి. నాకు వాటివల్ల చాలా మేలు జరిగింది. చీటీ మీది లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. ఆల్కలినిటీని కాల్షియం కార్బొనేట్ పీపీఎంలో ఇస్తారు, 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. కాల్షియం హార్డ్‌నెస్ అని ఉంటే 0.4తో గుణించండి. 1,050 చూసి హడలిపోనక్కర్లేదు, అది 420యే. చెరువుల్లో చల్లే మినరల్ మిక్చరు మాత్రం ఎంత చవకైనా ట్యాంకులో వేయకండి. అందులో ఇంకేం కలిసి ఉంటాయో మనకు తెలియదు.

సముద్రం పక్కనే ఉంది కదా, ఆ నీళ్లే తెచ్చి పోస్తే అన్నీ వస్తాయి కదా అని కూడా కొందరంటారు. కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. వానలప్పుడూ ఆ తర్వాతి నెలల్లోనూ మన ఒడ్డున ఉప్పు బాగా పలచబడుతుంది, దాంతోపాటు మిగతావన్నీ పడిపోతాయి. ప్యాకెట్ ఉప్పే నమ్మకం.

అయోడిన్ సముద్రంలో ఉండేదే 0.06 పీపీఎం. మీరు కలిపే ఉప్పులోనూ ఉంటుంది. ఎక్కువైతే విషం. స్ట్రాంషియం, ట్రేస్ ఎలిమెంట్లదీ అదే దారి. కొలవలేనిదాన్ని పోయవద్దు. అమైనో ఆమ్లాలు చేపల మేతతోనే అందుతాయి. మెగ్నీషియం చాలా నిదానంగా తగ్గుతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు.

సీసాలకు పెట్టాలనుకున్న డబ్బుతో బ్యాటరీ ఎయిర్ పంపు కొనండి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మీ క్లౌన్ చేపలకు ముందు కావలసింది గాలి. పంపు ముందే ఛార్జి చేసి ఉంచుకోండి, కరెంటు వచ్చేవరకు మేత ఆపేయండి.