అమ్మానాన్నలతో మార్సెయ్‌లో రెండు రోజులు: గైడెడ్ టూర్ బుక్ చేసుకోవాలా, మనమే తిరగొచ్చా?

మీ ప్రశ్న ఇదీ కదా: మీరు పారిస్‌లో చదువుకుంటున్నారు, అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, దక్షిణ ఫ్రాన్స్ తీరంలోని మార్సెయ్‌కి రెండు రోజులు కేటాయించారు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు, ఆన్‌లైన్‌లో చూస్తే టూర్లు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, ఏది తీసుకోవాలి అని. నేను పక్కనే ఎక్స్ (ఎక్స్-ఆన్-ప్రోవాన్స్) అనే ఊళ్ళో ఉంటా, ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా మార్సెయ్ తిప్పే డ్యూటీ నాదే, పోయిన మే నెలలో మా అత్తగారినీ మామగారినీ కూడా తిప్పాను, కాబట్టి అచ్చంగా పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకునే చెప్తున్నా.

ఒకే ఒక్క గైడెడ్ టూర్ తీసుకోండి, అది పాత ఊరు నడిచి చూపించేది, పాత రేవు వియ్యూ పోర్ నుంచి పానియే పేట వరకు. మిగతా వాటన్నిటికీ బస్సు, పడవ, ఆడియో గైడ్ చాలు. ఎందుకంటే మార్సెయ్‌కి 2,600 ఏళ్ళ చరిత్ర అంటారు గానీ రోమ్‌లోలాగా అవన్నీ కళ్ళ ముందు నిలబడి ఉండవు, సగం ఊరు కూలిపోయి మళ్ళీ కట్టిందే. చెప్పేవాళ్ళు లేకపోతే రేవు చుట్టూ ఉన్నవి మామూలు అపార్ట్‌మెంట్లే అనుకుని ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తాం.

రేవు మొదట్లో, పొద్దున పూట చేపలమ్మే చోట నేలలో ఒక లోహపు పలక పొదిగి ఉంటుంది, జనం దాన్ని తొక్కుకుంటూనే పోతుంటారు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో ఫోకేయా అనే గ్రీకు నగరం నుంచి వచ్చిన నావికులు ఇక్కడే దిగి ఈ ఊరు కట్టారని దాని మీద రాసి ఉంటుంది. మా గైడ్ అక్కడే ఆపి ఊరి పుట్టుక కథ చెప్పింది: ఇక్కడి రాజుగారు కూతురు జిప్టిస్‌కి పెళ్ళి చేద్దామని విందు పెట్టాడట, ఆ అమ్మాయి ఎవరి చేతికి నీళ్ళ గిన్నె ఇస్తే వాడే మొగుడు, సరిగ్గా ఆ రోజే ఓడ దిగిన గ్రీకు కుర్రాడు ప్రోటిస్‌కి ఇచ్చిందట, రాజు కట్నంగా ఈ రేవు చుట్టూ నేల ఇచ్చాడట. మా అత్తగారు వెంటనే "అయితే స్వయంవరమేగా" అన్నారు. అక్కడ్నుంచి ఆవిడకి ఈ ఊరు పరాయిదిగా అనిపించలేదు, గైడ్ పక్కనే నడుస్తూ ప్రశ్నల మీద ప్రశ్నలు, అనువాదం చేయలేక నాకు నోరు నొప్పి పుట్టింది.

ఆ తర్వాత చెప్పేది బరువైన కథ. రేవుకి ఉత్తరం పక్కన ఉన్న పాత పేటని 1943లో జర్మన్లు డైనమైట్ పెట్టి పేల్చేశారు. జనవరి చివర్లో ఫ్రెంచ్ పోలీసుల సాయంతోనే ఇల్లిల్లూ గాలించి 20,000 మందికి పైగా మనుషుల్ని ఖాళీ చేయించారు, వాళ్ళలో వందల మంది యూదుల్ని రైళ్ళెక్కించి చావుకి పంపారు, ఫిబ్రవరిలో 1,500 దాకా భవనాలు నేలమట్టం చేశారు. వదిలేసింది ఏవో కొన్ని, టౌన్ హాలు, వజ్రాల్లా చెక్కిన రాళ్ళ గోడ ఉన్న ఒక పాత ఇల్లు, ఇంకా ఓటెల్ ద కాబ్ర్ అనే 1535 నాటి ఇల్లు. ఈ చివరిది తప్పకుండా చూపించమని అడగండి. యుద్ధం అయ్యాక కొత్త వీధులు వేస్తే ఈ ఇల్లు వరసకి అడ్డంగా వచ్చిందట, దాన్ని కూల్చలేక 1954లో జాకీల మీద లేపి మొత్తం ఇంటిని 90 డిగ్రీలు తిప్పి పెట్టారు! రాళ్ళ ఇల్లు, నాలుగు వందల ఏళ్ళది! మామగారు రిటైర్డ్ సివిల్ ఇంజనీరు, ఆ గోడ దగ్గర్నుంచి ఆయన్ని కదిలించడం మా వల్ల కాలేదు, పునాది గీత ఎక్కడుందా అని వంగి వంగి చూస్తూనే ఉన్నారు.

పానియేలో మెట్లూ ఎత్తు సందులూ ఎక్కువ, నాన్నగారి మోకాళ్ళకి ఇదొక్కటే ఇబ్బంది. బుక్ చేసేటప్పుడే మెట్లు తక్కువ ఉన్న దారిలో తీసుకెళ్ళమని చెప్పండి, దారులు చాలా ఉన్నాయి, చెప్తే మారుస్తారు. కానబియేర్ వీధి మొదట్లోనే టూరిస్ట్ ఆఫీసు ఉంది, వాళ్ళ టూర్లలో ఇంగ్లీషువి ఏ రోజుల్లో ఉన్నాయో ముందే చూసుకోండి, ఫ్రెంచ్‌వే ఎక్కువ. ఇంకో దారి గ్రీటర్స్ అని ఊళ్ళోవాళ్ళే స్వచ్ఛందంగా, డబ్బు తీసుకోకుండా తమ పేట చూపించేవాళ్ళు, కొన్ని వారాల ముందే రాయాలి. పెద్దవాళ్ళతో వెళ్తే ఇది నిజంగా బాగుంటుంది, జెండా పట్టుకున్న గైడ్ వెనక పాతిక మందితో పరిగెత్తే గోల ఉండదు. ఆరు గంటల్లో మార్సెయ్, ఎక్స్, పక్కనున్న తీరపు ఊరు కసీస్ మూడూ చూపిస్తాం అనే వ్యాన్ టూర్లు మాత్రం వద్దు. మా ఫ్రెండ్ వాళ్ళమ్మగారు ఒకదాంట్లో వెళ్తే సగం టైం పార్కింగ్ వెతకడానికే పోయింది.

ఇప్పుడు సముద్రం సంగతి. కలాంక్ అంటే తెల్ల సున్నపురాయి కొండల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఇరుకు లోయలు, మార్సెయ్ నుంచి కసీస్ దాకా వరసగా ఉంటాయి, 2012 నుంచి నేషనల్ పార్క్. నడిచి దిగడం అంటే రాళ్ళ దారి, నాన్నగారికి అస్సలు వద్దు. మీరొక్కరే ఎప్పుడైనా వేసవిలో వెళ్ళాలనుకుంటే అగ్గి ప్రమాదం వల్ల జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొండ దారులు తెరుస్తారో మూస్తారో ముందు రోజు సాయంత్రానికి గానీ తెలీదు, సుజితో అనే కలాంక్‌కైతే సీజన్ రోజుల్లో ముందే రిజర్వేషన్ చేసుకోవాలి, ఉచితమే గానీ రోజుకి 400 మందికే. జనం తొక్కిడికి మట్టి కొట్టుకుపోయి చెట్ల వేర్లు బయటపడుతుంటే 2022లో ఈ పద్ధతి పెట్టారు, అది మంచిపనే అని నా అభిప్రాయం. పెద్దవాళ్ళకి వియ్యూ పోర్ నుంచి వెళ్ళే పెద్ద పడవే సరైనది, రెండు మూడు గంటలు కూర్చునే చూడొచ్చు.

కానీ పడవ టికెట్ వారం ముందు కొని పెట్టుకోకండి. ఇక్కడ మిస్ట్రాల్ అని ఉత్తరం గాలి ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, ఆకాశం అద్దంలా ఉంటుంది, అయినా పడవలు ఆపేస్తారు. మాకూ అదే అయింది, మొదటి రోజు మధ్యాహ్నం ప్లాన్ అంతా పోయింది, రెండో రోజు గాలి తగ్గాక వెళ్ళాం. అందుకే రెండు రోజుల్లో ఏ పూట గాలి తక్కువో ముందు రోజు రాత్రి వాతావరణం చూసి ఆ పూట పడవకి ఇవ్వండి, పాత ఊరి నడక రెండో పూటకి జరపండి. వాంతుల మాత్ర జేబులో ఉండాలి.

పడవ ఆగిపోయిన రోజు కోసం కొస్కేర్ మెడిటెరానీ ఉంది, ఒక పాతరాతి గుహకి నకలు. 2022 జూన్‌లో తెరిచారు, మా మామగారికి రెండు రోజుల్లో బాగా నచ్చింది ఇదే. కథ ఏంటంటే అన్రీ కొస్కేర్ అనే డైవర్‌కి కలాంక్స్‌లో సముద్రం అడుగున 37 మీటర్ల లోతులో ఒక సొరంగం నోరు కనిపించింది, దాంట్లోంచి పైకి ఈదుతూ పోతే నీళ్ళు లేని గుహ, గోడల నిండా 20,000 ఏళ్ళకి పైబడిన బొమ్మలు, గుర్రాలు, అడవిదున్నలు, పెంగ్విన్‌లాంటి పక్షులు, మనుషుల చేతి ముద్రలు. అప్పట్లో సముద్రం 100 మీటర్లకి పైగా కిందికి ఉండేది, తీరం కిలోమీటర్ల దూరాన ఉండేది కాబట్టి ఆ బొమ్మలు గీసినవాళ్ళు నడిచే లోపలికెళ్ళారు. ఆయన ఈ సంగతి బయటపెట్టింది 1991లో, ఆ సొరంగంలో ముగ్గురు డైవర్లు దారి తప్పి చనిపోయాక. అసలు గుహలోకి ఎవర్నీ పోనివ్వరు, నీళ్ళు పెరిగి బొమ్మలు కొద్దికొద్దిగా మునిగిపోతున్నాయి కూడా, అందుకే ఊళ్ళో దాని నకలు కట్టారు. ఆరుగురు పట్టే చిన్న బండిలో కూర్చోబెట్టి చెవులకి ఆడియో పెట్టి 35 నిమిషాలు తిప్పుతారు, ఒక్క అడుగు వేయక్కర్లేదు. టైం స్లాట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. పక్కనే ముసెమ్ మ్యూజియం, మంగళవారం సెలవు. లోపల ఎగ్జిబిషన్లకి టికెట్ గానీ పై డాబాకీ, అక్కడ్నుంచి పాత కోటలోకి దాటే వంతెనకీ టికెట్ లేదు, సాయంత్రం ఎండ తగ్గాక అక్కడ కూర్చోబెట్టండి అమ్మానాన్నల్ని.

షాతో దిఫ్ అనే దీవి కోటకి అందరూ అలెగ్జాండర్ ద్యూమా నవల 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' వల్ల వెళ్తారు, ఖైదీ కథానాయకుడి గది అని ఒకటి కూడా చూపిస్తారు. నాకు మాత్రం అక్కడ నచ్చే కథ వేరే. 1515లో గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసువాళ్ళకి ఇచ్చిన ఒక ఖడ్గమృగం లిస్బన్ చేరింది, వాళ్ళ రాజు దాన్ని పోప్‌కి కానుకగా ఓడలో రోమ్‌కి పంపుతుంటే 1516 జనవరిలో ఈ దీవుల దగ్గర ఆగింది, ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సువా దాన్ని చూడటానికి వచ్చాడు. పాపం తర్వాత ఆ ఓడ ఇటలీ తీరంలో మునిగిపోయింది, మృగం చచ్చిపోయింది. కోట కట్టించింది కూడా ఈ ఫ్రాన్సువానే. దిగాక మెట్లు గట్టిగానే ఉంటాయి, నాన్నగారు వద్దంటే అదే పడవలో పక్కనున్న ఫ్రియూల్ దీవికి వెళ్ళి రేవు దగ్గరే కూర్చోవచ్చు, కోట పడవలోంచే బాగా కనిపిస్తుంది.

కొండ మీది నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చికి గైడ్ అక్కర్లేదు. రేవు దగ్గర 60 నంబర్ బస్సెక్కితే పైన దింపుతుంది, చిన్న టూరిస్ట్ రైలు కూడా ఉంది. లోపల తలెత్తి చూడండి, పైకప్పు నుంచి బొమ్మ ఓడలు వేలాడుతుంటాయి, తుఫాన్లో బతికి బయటపడ్డ నావికుల కుటుంబాలు మొక్కు తీర్చుకుని కట్టినవి. గోడల నిండా మొక్కుబడి పలకలే. అత్తగారు అక్కడ చాలాసేపు నిలబడిపోయారు, మొక్కు అంటే ఏంటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. బయట ఉత్తరం గోడ మీద 1944 ఆగస్టులో ఊరి విముక్తి పోరాటం నాటి తూటా గుంటలు అలాగే ఉన్నాయి.

మనవాళ్ళకి సంబంధించినవి ఏ టూర్‌లోనూ చెప్పరు కాబట్టి నేనే చెప్తా. 1910 జులై 8న సావర్కర్‌ని లండన్‌లో అరెస్టు చేసి ఇండియాకి తీసుకెళ్తున్న మోరియా ఓడ ఈ రేవులో ఆగినప్పుడే ఆయన కిటికీలోంచి సముద్రంలోకి దూకి ఒడ్డుకి ఈదాడు, ఫ్రెంచ్ పోలీసు పట్టుకుని మళ్ళీ బ్రిటిష్‌వాళ్ళకే అప్పగించాడు, దాని మీద ఫ్రాన్స్, బ్రిటన్‌ల గొడవ హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కోర్టు దాకా వెళ్ళి 1911లో బ్రిటన్‌కే అనుకూలంగా తేలింది. 1914 సెప్టెంబర్ చివర్లో మొదటి ప్రపంచ యుద్ధానికి మన సైనికులు దిగిందీ ఈ రేవులోనే, ఆ యుద్ధంలో చనిపోయిన మనవాళ్ళు చాలామంది మజార్గ్ సైనిక శ్మశానంలో ఉన్నారు, దహనం చేసినవాళ్ళ పేర్లు అక్కడే స్మారకం మీద చెక్కారు. మోదీ, మాక్రాన్ 2025 ఫిబ్రవరిలో వచ్చి నివాళులర్పించింది అక్కడే, అదే రోజు ఊళ్ళో మన కాన్సులేట్ కూడా ప్రారంభించారు. మెట్రోలో రోన్ పువాన్ దు ప్రాడో దాకా వెళ్ళి అక్కడ బస్సు మారాలి. అదే వైపు లె కోర్బుజియే కట్టిన సితే రాడియూజ్ ఉంది, 337 ఫ్లాట్ల కాంక్రీట్ భవనం, 1952 నాటిది, చండీగఢ్‌ని ప్లాన్ చేసిన ఆయనే, 2016లో ఈ భవనాన్నీ, చండీగఢ్‌లోని కాపిటల్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ భవనాల సముదాయాన్నీ కలిపే యునెస్కో జాబితాలో పెట్టారు. డాబా చూడనిస్తారు, ఇంజనీర్లెవరైనా ఇంట్లో ఉంటే వదలకండి.

తిండికి వస్తే, అమ్మగారికి పానిస్ పెట్టించండి, శనగపిండిని నీళ్ళలో గట్టిగా ఉడికించి ఆరబెట్టి బిళ్ళలుగా కోసి నూనెలో వేయిస్తారు, ఎస్తాక్ అనే పేట వైపు బండ్ల మీద వేడిగా దొరుకుతుంది. అదే నూనెలో చేపలు వేయిస్తున్నారా అని ముందు అడగాలి. మా అత్తగారు సంచిలోంచి ఆవకాయ ప్యాకెట్ తీసి నంజుకుని తిన్నారు, బండి అతను రుచి చూస్తానని కొంచెం అడిగి పెట్టించుకున్నాడు. ఇక్కడి పిజ్జా ఫేమస్సే కానీ సగం సగం అని అమ్మేదాంట్లో ఒక సగం మీద ఆంచోవీ చేప ఉంటుంది, చూసుకోండి. నవెత్ అని పడవ ఆకారం బిస్కెట్లు అందరూ కొనమంటారు, చాలా చోట్ల వాటిలో గుడ్డు వేస్తారు, అమ్మగారికి పనికిరావు.

మార్సెయ్ సబ్బు కొనేటప్పుడు వెనక పదార్థాల లిస్టు చదవండి. 72 శాతం (నూనె పాళ్ళు) అని పైన ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు, సోడియం టాలోవేట్ అని ఉంటే అందులో జంతువుల కొవ్వు ఉన్నట్టే, అమ్మగారు దాన్ని పూజ గదిలో చేతులు కడుక్కోడానికి వాడరు. ఆలివ్ నూనెతో చేసిన ఆకుపచ్చ గడ్డ తీసుకోండి, సెంటు వాసన ఏమీ ఉండదు, అసలుది అలాగే ఉంటుంది.

సిటీ పాస్ 24, 48, 72 గంటలకి ఇస్తారు, బస్సు మెట్రోతో పాటు దీవి పడవ, చిన్న రైలు, మ్యూజియంలు కలిసి వస్తాయి. కానీ మీరు దీవికి వెళ్ళకపోతే లెక్క వేసుకుని కొనండి, ఎందుకంటే మున్సిపాలిటీ నడిపే మ్యూజియంలలో (ముసెమ్ అందులోకి రాదు) శాశ్వత ప్రదర్శనలు ఎలాగూ ఉచితమే. సెయింట్ షార్ల్ స్టేషన్ బయట 104 మెట్లుంటాయి, చూడ్డానికి బాగుంటాయి గానీ నాన్నగారిని లోపల్నుంచే మెట్రోకి దింపండి, రెండు స్టాపుల్లో వియ్యూ పోర్. స్టేషన్ దగ్గరా నొవాయ్ బజార్లోనూ ఫోన్ చేతిలో ఊపుకుంటూ నడవద్దని చెప్పండి, అమ్మగారి మెళ్ళో గొలుసు పారిస్‌లోనే పెట్టి రమ్మనండి.