‘డొక్కలు ఎగరేస్తున్నాడు’ అంటే దానికి అర్థం కాలేదు

పేద దేశాల్లో డాక్టర్లు చాలరు కదా, చాట్‌జీపీటీ లాంటివి ఆ లోటు తీర్చగలవా అని అడిగారు. తీర్చలేవు. అలాగని పనికిరావనీ అనను. నర్సింగ్ చదివినదాన్ని కాబట్టి ఒక ఆరోగ్య చాట్‌బాట్ తెలుగులో ఇచ్చే జవాబులు సరిచూసే పని నాకు దొరికింది. ఏడాది దాకా చేశాను.

ఇంగ్లీషులో అడిగితే భేషుగ్గా చెప్పేది. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు 10 నుంచి 14 రోజులు వేయాలి, ఆరు నెలల లోపైతే రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20 అని తడుముకోకుండా రాసేది. చిక్కంతా ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే.

ఒకసారి పరీక్షగా ‘బాబుకి రెండు రోజులుగా దగ్గు, డొక్కలు ఎగరేస్తున్నాడు’ అని టైప్ చేశాం. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి లాక్కుపోతోందని అర్థం. చిన్నపిల్లల్లో అది న్యుమోనియా లక్షణం. బాట్ మాత్రం బాబు గంతులేస్తున్నాడనుకుంది! హుషారుగా ఉన్నాడు కాబట్టి భయం లేదు, గోరువెచ్చని నీళ్ళు పట్టండి అంది. అది చదివి నాకు చెమటలు పట్టాయి. అదే సంగతి ‘ఊపిరి తీసినప్పుడు ఛాతీ కింద భాగం లోపలికి పోతోంది’ అని మార్చి అడిగితే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. విషయం దానికి తెలుసు, మాటే అందలేదు.

‘కోడలు నీళ్ళోసుకుంది, జ్వరానికి ఏ మాత్ర వేయాలి’ అన్నప్పుడూ అంతే. స్నానం వల్ల జలుబు చేసి ఉంటుందని రాసింది, కడుపుతో ఉన్న మనిషి అన్న ఊసే లేదు. (మా టీములో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.) తర్వాత ఇలాంటి మాటల జాబితా చేసిచ్చాం, జవాబిచ్చే ముందు వయసు, గర్భం, ఊపిరి గురించి ఎదురు ప్రశ్నలు వేసేలా మార్పించాం. చాలావరకు బాగుపడింది, పూర్తిగా కాదు.

అందుకే రోగి చేతిలో కన్నా వైద్యం చేసేవాళ్ళ వెనక ఉంటే ఇది ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. కెన్యాలో నైరోబీలోని పెండా హెల్త్ క్లినిక్‌లలో అలాగే పెట్టారు. వైద్య సిబ్బంది కంప్యూటర్‌లో కేసు వివరాలు రాస్తుంటే ఏఐ మోడల్ (చాట్‌జీపీటీ లాంటిదే) వెనక నుంచి చూస్తూ ఉంటుంది. అంతా బాగుంటే ఆకుపచ్చ, అనుమానముంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు రంగు చూపిస్తుంది. చివరి నిర్ణయం మనిషిదే. 15 క్లినిక్‌లలో దాదాపు 40 వేల కేసులు చూసి 2025లో ఫలితాలు చెప్పారు: అది లేకుండా చేసినవాళ్ళతో పోలిస్తే రోగనిర్ధారణలో తప్పులు 16 శాతం, చికిత్సలో 13 శాతం తక్కువ. రోగులు కోలుకోవడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ముక్క చాలామంది వదిలేసి చెబుతారు.

ఇంకొకటి, ‘వెంటనే స్కాన్ తీయించండి’ అనడం సులువు. స్కానింగ్ యంత్రమే లేనిచోట ఆ సలహాతో ఆరోగ్య కార్యకర్త ఏం చేస్తుంది? అక్కడ ఏ మందులున్నాయో, పెద్దాసుపత్రి ఎంత దూరమో ముందే దానికి చెప్పి ఉంచాలి.

మీరు ఇలాంటి టూల్ ఏదైనా పెట్టాలనుకుంటే ముందు ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి ఆమె మాటల్లోనే ఓ పాతిక ప్రశ్నలు అడిగించండి. అక్షరం మార్చకుండా టైప్ చేసి చూడండి.