లాన్ బిజినెస్ కొన్నారు సరే, క్రూకి హెల్త్ ఇన్సూరెన్స్ మాటేమిటి?

ప్రశ్న: డాలస్ పక్కన చిన్న లాన్ సర్వీస్ కొన్నాను. ఆరుగురు ఏడాది పొడవునా ఉంటారు, నలుగురు మార్చి నుంచి నవంబరు దాకా వస్తారు. గంటకు 18 డాలర్లు. నాది హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద వర్క్ పర్మిట్), మా ఆవిడది హెచ్-1బి. క్రూకి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాల్సిందేనా? ఇస్తే ఏది చవక?

జవాబు: గడ్డి తొమ్మిది నెలలే పెరుగుతుంది, ప్రీమియం మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. మీరు అడిగిన "ఏది చవక" అన్న ప్రశ్నను కాస్త మార్చి, "బెర్ముడా గడ్డి ఎండిపోయిన జనవరిలో దేనికి డబ్బు కట్టగలను" అని వేసుకోండి. జూన్ నెల బ్యాంకు బ్యాలెన్సు చూసుకుని ప్లాన్ ఎంచుకున్న కొత్త ఓనర్లకి ఫిబ్రవరికల్లా ఇన్సూరెన్స్ రద్దయిందని ఉత్తరం వస్తుంది.

ఇవ్వాల్సిందేనా అంటే, అక్కర్లేదు. ఫుల్ టైమ్ వాళ్ళు, పార్ట్ టైమ్ గంటల్ని కలిపి లెక్కేసిన వాళ్ళు మొత్తం 50 మందికి లోపు ఉంటే ఫెడరల్ జరిమానా లేదు. ఇక్కడ ఫుల్ టైమ్ అంటే వారానికి 30 గంటలు. కాకపోతే మీ పేరునో మీ ఆవిడ పేరునో గ్యాస్ స్టేషనో మోటెలో కూడా ఉంటే, అక్కడి మనుషుల్నీ ఇందులో కలిపే అవకాశం ఉంది. ఆ లెక్క సీపీఏ (అకౌంటెంటు) చేత చూపించుకోండి. ఇంకో మాట, మీ ఆవిడ చేత శనాదివారాల్లో పేరోల్ చేయించకండి. హెచ్-1బి మీద ఆవిడ తన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచేయకూడదు. ఇంటి బిజినెస్సే కదా అంటే కుదరదు.

ఇక మనవాళ్ళు మొదటి ఏడాది చేసే తప్పులకి వస్తాను. అన్నిటికంటే ఖరీదైనది మంచి మనసుతో చేసేదే. ఫోర్‌మన్ తన మార్కెట్‌ప్లేస్ (ఎవరికి వారు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైటు) ప్లాన్ బిల్లు తెచ్చి చూపిస్తాడు, మనం జాలిపడి నెలనెలా ఆ మొత్తానికి చెక్కు రాసిచ్చేస్తాం. ఒకే ఒక్క ఉద్యోగి ఉన్న చోట తప్ప, పద్ధతి ప్రకారం హెచ్‌ఆర్‌ఏ (ఉద్యోగి ఇన్సూరెన్స్ ఖర్చుని యజమాని చట్టప్రకారం తిరిగిచ్చే పథకం) పెట్టకుండా ఇలా ప్రీమియం తిరిగివ్వడం ఐఆర్‌ఎస్ (ట్యాక్స్ శాఖ) దృష్టిలో రూల్స్‌కి నిలవని గ్రూప్ ప్లాన్. దానికి జరిమానాగా వేసే ఎక్సైజ్ ట్యాక్స్ మనిషికి రోజుకి 100 డాలర్లు, ఏడాదికి 36,500. సాయం చేయాలనిపిస్తే ఏ షరతూ పెట్టకుండా గంట రేటు పెంచండి, ట్యాక్సులు పట్టుకుని మామూలు జీతంగా ఇవ్వండి. బిల్లు మాత్రం చూపించమనకండి.

రెండోది అరవై డాలర్ల కార్డు. ఎవరో ఏజెంటు ఫోన్ చేసి "మీ క్రూ మొత్తానికీ మనిషికి నెలకి అరవై" అంటాడు. కార్డు మీద పీపీఓ అని పెద్దక్షరాలతో ఉంటుంది, అసలు ఇన్సూరెన్స్ కార్డుకి ఏమీ తీసిపోదు. తీరా అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రిలో రోజుకి వందో రెండొందలో మాత్రమే ఇచ్చే ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ అని తేలుతుంది. లేదంటే టీకాలూ చెకప్‌లూ తప్ప ఇంకేదీ లేని ఎంఈసీ ప్లాన్ అవుతుంది. కొనేముందు "సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్" కాగితం అడగండి. అది అసలు లేదంటే ఫోన్ పెట్టేయండి. ఇస్తే మొదటి పేజీలో అవుట్ ఆఫ్ పాకెట్ లిమిట్ (ఏడాదిలో రోగి తన జేబులోంచి కట్టే గరిష్ఠ మొత్తం) అన్న వరస, లోపల "ఇఫ్ యూ హ్యావ్ ఎ హాస్పిటల్ స్టే" అన్న వరస చూడండి. 2026లో ఒక మనిషికి ఆ లిమిట్ 10,600 డాలర్లు దాటకూడదు. ఆస్పత్రి వరసలో "నాట్ కవర్డ్" అని ఉంటే అది ఇన్సూరెన్స్ కాదు, అరవై డాలర్ల ప్లాస్టిక్ ముక్క.

మూడోది వర్కర్స్ కాంప్ (పనిలో తగిలిన దెబ్బలకి కట్టే ఇన్సూరెన్స్), హెల్త్ ఇన్సూరెన్స్ రెండూ ఒకటే అనుకోవడం. మోయర్ బ్లేడు కింద ఇరుక్కున్న గడ్డి తీయబోయి వేలు పోగొట్టుకుంటే అది పనిలో తగిలిన దెబ్బ, హెల్త్ ప్లాన్ మామూలుగా దానికి కట్టదు. టెక్సస్‌లో ప్రైవేటు యజమానికి వర్కర్స్ కాంప్ తప్పనిసరి కాదు. అది విని సంబరపడిపోతారు కొందరు. తీసుకోకపోతే కేసు పడ్డప్పుడు "వాడి తప్పు కూడా ఉంది" అని వాదించుకునే హక్కు మీకు పోతుంది. హెల్త్ ప్లాన్ ఒక ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు, ఇది మాత్రం ముందు తీసుకోండి. ప్రీమియం ప్రతి 100 డాలర్ల పేరోల్‌కీ ఇంత అని పనినిబట్టి కోడ్ ప్రకారం వేస్తారు. గడ్డి కోయడం 9102, మొక్కలు నాటడం, బెడ్లు వేయడం 0042, చెట్టెక్కి కొమ్మలు కొట్టడం 0106. చివరిదాని రేటు చాలా ఎక్కువ. ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేశారో టైమ్ షీటులో విడిగా రాయించకపోతే ఏడాది చివర ఆడిట్లో ఆడిటర్ ఖరీదైన కోడ్ వైపే మొగ్గుతాడు. 1099 (ఉద్యోగి కానివాళ్ళకిచ్చే ట్యాక్స్ ఫారం) మీద పెట్టుకున్న సబ్ కాంట్రాక్టరుకి సొంత పాలసీ సర్టిఫికెట్ లేకపోతే, అతనికిచ్చిన డబ్బు కూడా మీ పేరోల్‌లో కలిపేస్తారు.

ఇప్పుడు అసలు ఆప్షన్లు. మార్కెట్‌ప్లేస్ ఎవరికి వారు కొనుక్కునేది, మీకు ఖర్చు లేదు. మీరిచ్చే జీతాలకి చాలామందికి సబ్సిడీ వచ్చే వీలుంది. గ్రీన్ కార్డు లేకుండా హెచ్-2బి (సీజనల్ పనివాళ్ళ వీసా) లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి మాత్రం 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి ఆ సబ్సిడీ ఉండదు. వాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచండి. కాగితాలు లేనివాళ్ళకి మార్కెట్‌ప్లేస్ తలుపే తెరుచుకోదు (అలాంటివాళ్ళని పనిలో పెట్టుకోకూడదని ఐ-9 (పని చేసే అర్హత చూసే ఫారం) నింపేటప్పుడే తెలిసి ఉండాలి).

క్యూ-సేరా అంటే 50 మంది లోపు ఉండి గ్రూప్ ప్లాన్ లేని యజమాని పెట్టుకునే హెచ్‌ఆర్‌ఏ. 2025లో గరిష్ఠం ఒంటరి మనిషికి 6,350, కుటుంబానికి 12,800. ఇన్సూరెన్స్ ఉన్నట్టు రుజువు తెచ్చినవాడికే కడతారు కాబట్టి జనవరి భయం తక్కువ. అందులో ఒక మెలిక ఉంది. మీరు నెలకి 250 ఇస్తే ఫోర్‌మన్‌కి వచ్చే సబ్సిడీ అంతకంతా తగ్గుతుంది, ఒక్కోసారి మొత్తం పోతుంది. వద్దనుకునే వీలు కూడా అతనికి లేదు. మీ జేబులోంచి 250 పోయింది, అతని చేతికి వచ్చింది సున్నా. ఇక్రా అనే ఇంకో రకం హెచ్‌ఆర్‌ఏ అయితే పరిమితి లేదు, వద్దనుకునే వీలూ ఉంది. కానీ మీరిచ్చేది చట్టం లెక్కలో సరిపోయేంత ఉంటే, వద్దన్నా సబ్సిడీ రాదు. గంటకి 18 ఇచ్చే చోట ఈ రెండూ నాకు పెద్దగా నచ్చవు.

"సీజనల్ వాళ్ళని హెచ్‌ఆర్‌ఏలోంచి తీసేస్తాను" అంటారేమో. ఏడు నెలల లోపు పని అయితే హెచ్‌ఆర్‌ఏలకి ఇబ్బంది లేదు. మార్చి నుంచి నవంబరు అంటే తొమ్మిది నెలలు, మీరు సీజనల్ అని పిలిచినంత మాత్రాన సీజనల్ అయిపోరు.

మీ సంఖ్యకి షాప్ (చిన్న వ్యాపారాల కోసం ఉన్న మార్కెట్‌ప్లేస్) ద్వారా కొనే గ్రూప్ ప్లాన్ లెక్క వేయదగ్గది. ముందు మీ కౌంటీలో షాప్ ప్లాన్ అసలు అమ్ముతున్నారో లేదో చూడండి, చాలా చోట్ల లేదు. ఉందనుకుందాం. ఉదాహరణకి మనిషికి నెలకి 450 ప్రీమియం, సగం మీరు కడితే 225. ఆరుగురికి 1,350, ఏడాదికి 16,200. షాప్ ప్లాన్ కొన్న చిన్న యజమానికి వచ్చే ట్యాక్స్ క్రెడిట్‌కి 2,080 గంటలు ఒక మనిషి కింద లెక్క. ఆరుగురూ ఆరు, నలుగురి తొమ్మిది నెలల పనీ మూడు, మొత్తం తొమ్మిది. పది దాటలేదు కాబట్టి అక్కడ కోత లేదు. సగటు జీతం 37,440, అంటే 2025లో క్రెడిట్ తగ్గడం మొదలైన సుమారు 33 వేల గీత కంటే కొంచెం పైన. మీరు కట్టినదాంట్లో గరిష్ఠంగా వచ్చే 50 శాతంలో ఎనిమిదో వంతు పోయినా దాదాపు 7,000 మిగులుతుంది. వరసగా రెండేళ్ళే ఇస్తారు, 8941 ఫారంలో అడగాలి. మూడో ఏడు పూర్తి భారం మీదే.

ఇక్కడ తేదీ ముఖ్యం. ఇన్సూరర్లు మామూలుగా 70-75 శాతం మంది చేరాలంటారు. పదిమందిలో ఏడెనిమిది మంది సంతకం పెట్టడం కష్టం. నవంబరు 15 నుంచి డిసెంబరు 15 మధ్య అప్లై చేస్తే ఆ నిబంధన అడ్డురాదు, జనవరి 1 నుంచి ప్లాన్ మొదలవుతుంది. మార్చిలో వచ్చే నలుగురికి 90 రోజుల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అంటే మే నెలాఖరుకి వాళ్ళనీ అడగాలి. చేరితే మీ ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.

జనవరి సంగతి మళ్ళీ. 16,200ని పన్నెండుతో కాదు, తొమ్మిదితో భాగించండి. మార్చి నుంచి నవంబరు దాకా నెలకి 1,800 పక్కకి తీయాలి. అందులో 1,350 ఆ నెల బిల్లుకి, మిగతా 450 వేరే అకౌంట్లోకి. తొమ్మిది నెలలకి 4,050, అంటే మూడు చలికాలపు బిల్లులకి సరిగ్గా సరిపోతుంది. ప్లాన్ జనవరిలో మొదలవుతుంది కాబట్టి ఈ పక్కకి తీయడం దానికి ముందటి మార్చిలోనే మొదలుపెట్టాలి. పని లేని వారం ఉద్యోగి వాటా ఎలా వసూలు చేస్తారో ముందే కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. ఆ వాటా ట్యాక్స్‌కి ముందు పట్టుకోవాలంటే సెక్షన్ 125 ప్లాన్ డాక్యుమెంటు కావాలి.

బ్రోకరుకి మీరు విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదు, కమిషన్ ఇన్సూరర్ ఇస్తాడు. వెళ్ళేటప్పుడు అందరి పుట్టినరోజులు, జిప్ కోడ్లు, టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కి ఆఖరిసారి పంపిన సి-3 క్వార్టర్లీ రిపోర్టు పట్టుకెళ్ళండి. క్యాష్ ఇస్తున్న మనిషి పేరు ఆ రిపోర్టులో ఉండదు, రిపోర్టులో లేని మనిషిని ఇన్సూరర్ చేర్చుకోడు.