మేస్త్రి కొడుకు ఊళ్లోనే బిల్డర్ కావాలంటే

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఆయన తాపీ మేస్త్రి. హైదరాబాద్‌లో పని చేస్తూ పండక్కి వచ్చి వెళ్తుంటారు. ఇల్లు, ఇద్దరు పిల్లల చదువు ఆయన రెక్కల మీదే. పెద్దోడు పదో తరగతి. "నేనూ ఇళ్లే కడతాను, కానీ మీ దగ్గరే ఉండి కడతాను" అంటున్నాడు. లెక్కల్లో అంతంతమాత్రం. ఈ కష్టం వీడికొద్దు, ఇంటర్‌లో వేద్దామంటారు ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బాబుది గాలి కోరిక కాదు. ఇంటర్ కన్నా, పది అవగానే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించి సివిల్ డిప్లొమాలో వేయండి. మూడేళ్లు. విజయనగరంలో ఎంఆర్‌ఏజీఆర్ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, శ్రీకాకుళంలోనూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. తర్వాత మనసైతే డిప్లొమా చేసినవాళ్లకు పెట్టే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమాలో సీటు రాకపోతే ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ (ఇళ్ల ప్లాన్లు గీసే కోర్సు), రెండేళ్లు.

ఒంటి కష్టం సంగతి మీ ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఊళ్లో కాంట్రాక్టు పట్టినవాళ్లు ఎక్కువగా మునిగేది ఎస్టిమేటు దగ్గర. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం, సిమెంటు, ఇసుక, చిప్స్ (సన్న కంకర) 1:1.5:3 పాళ్లు అనుకోండి. బీములు కాకుండా 11.8 ఘనమీటర్ల కాంక్రీటు. ఘనమీటరుకు 8 బస్తాల చొప్పున సుమారు 95 బస్తాల సిమెంటు. సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద కట్టే చట్రం) లెవెల్ సరిగా చూడక మందం అర అంగుళం పెరిగిందా, ఇంకో తొమ్మిది పది బస్తాలు, దానికి తగ్గ ఇసుక, చిప్స్. మెటీరియల్‌తో సహా ఒప్పుకున్నవాడి లాభం అక్కడే కరిగిపోతుంది. ఇనుమూ అంతే. రాడ్డు మిల్లీమీటర్లను అంతతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల పూర్తి రాడ్డు 10.7 కిలోలు. కాటా దగ్గర ఇది తెలిసినవాణ్ణి ఎవరూ మోసం చేయలేరు. పుస్తకంలో బుర్రకెక్కని లెక్కలు ఇలా చెబితే ఎక్కుతాయేమో చూడండి.

18 నిండేదాకా కూలికి మాత్రం పంపొద్దు. నాన్న పండక్కి వచ్చినప్పుడు ఏదైనా సైటుకు తీసుకెళ్లి చూపిస్తే చాలు: స్లాబుకు 20, పిల్లరుకు 40 ఎంఎం కవర్ బ్లాకు (ఇనుము మీద కాంక్రీటు పొర నిలిచేలా పెట్టే దిమ్మ) ఎందుకు పెడతారు, పని సులువని కాంక్రీటు మాలులో నీళ్లు ఎక్కువ పోస్తే బలం ఎలా పడిపోతుంది, ఎండాకాలం స్లాబును పది రోజులు ఎందుకు తడపాలి. భోగాపురం, పూసపాటిరేగ తీరం వైపైతే కవరు ఇంకా పెంచాలి. లేకుంటే ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడతాయి.

రేపు బాబు సొంతంగా పని పట్టినా డబ్బు దశలవారీగా, కాగితం మీద రాసుకునే తీసుకోవాలి: పునాది, బేస్‌మెంట్, లింటెల్, స్లాబు, ప్లాస్టరింగ్. స్లాబు డబ్బు స్లాబు వేసే ముందే చేతికి రావాలి. ప్లాస్టరింగ్‌కు కూలీలు ఎక్కువ రోజులు పడతారు, అప్పటికి ఇంటివాళ్ల దగ్గర డబ్బు అయిపోయి ఉంటుంది. ఆ గోతిని కొత్త ఇంటి అడ్వాన్సుతో పూడ్చడం మొదలైతే ఆ మనిషి పుంజుకోవడం కష్టం. సైటు డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టి, ఆ పుస్తకం మీరే చూసుకోండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ రోజుల్లో పని ఆగితే ఇల్లు నడవడానికి మూడు నెలల ఖర్చు విడిగా ఉండాలి.

మీ ఆయన పేరు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో ఉందా? 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, గత ఏడాదిలో 90 రోజులు పని చేసినవారు నమోదు చేసుకోవచ్చు. చేతివృత్తులవారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోనూ తాపీ మేస్త్రులున్నారు. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు అప్పు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు కాబట్టి ఆ అవకాశం ఆయనకే వాడండి.

పాలిసెట్‌లో 120 ప్రశ్నల్లో 50 లెక్కలవే, ఇప్పట్నుంచే రోజూ ఓ గంట కూర్చోబెట్టండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ నాటికి చేతిలో ఉండాలి, సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టండి.