రెండో వైపు తిప్పావా?

తమ్ముడూ,

ఆర్మగెడ్డాన్ అనే రాక్ బ్యాండు 1975 రికార్డు మీద నువ్వు పంపిన వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకాస్త ఎక్కువ వచ్చింది. మూడోసారి ఐదో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెబుతాను, ముందు నా కోపం తీరనీ.

"మరుగున పడిన ఆణిముత్యం" అని మొదలుపెట్టావు. పాత రికార్డు గురించి ఎవరు రాసినా ఇదే మాట. ఆ తర్వాత రెండున్నర పేజీలు వంశవృక్షం. ఈ బ్యాండులో పాడిన కీత్ రెల్ఫ్ అంతకుముందు యార్డ్‌బర్డ్స్ అనే బ్రిటిష్ బ్యాండు గాయకుడు, పేరుమోసిన గిటారిస్టులు క్లాప్టన్, బెక్, పేజ్ ముగ్గురూ అతని పక్కన నిలబడి గిటార్ వాయించినవాళ్లే. మార్టిన్ ప్యూ స్టీమ్‌హ్యామర్ అనే బ్యాండు గిటారిస్టు. లూయీ సెన్నామో రెనెసాన్స్ అనే బ్యాండులోనూ, స్టీమ్‌హ్యామర్‌లోనూ బాస్ గిటార్ వాయించాడు. అన్నీ నిజాలే. కానీ పెళ్లికొడుకు ఎలాంటివాడని అడిగితే మేనమామల ఉద్యోగాలు చెప్పినట్టుంది. "సూపర్‌గ్రూప్", అంటే పేరున్న బ్యాండ్లవాళ్లు కలిసి పెట్టిన బ్యాండు, అన్న మాట పుట్టిందే ఇలా రాయడం కోసం. పేర్లు కూడితే పాట వచ్చేస్తుందన్న భ్రమ రికార్డు కంపెనీలది. మనకెందుకు?

పోనీ ఆ పేర్లయినా సరిగ్గా రాశావా? నలుగురూ బ్రిటిష్‌వాళ్లే అన్నావు. డ్రమ్స్ వాయించిన బాబీ కాల్డ్‌వెల్ అమెరికన్, కెప్టెన్ బియాండ్ అనే బ్యాండు నుంచి వచ్చాడు. పైగా 1978లో ప్రేమపాటతో పేరు తెచ్చుకున్న గాయకుడు కూడా అతనే అని రాశావు. ఆ గాయకుడు వేరే మనిషి, పేరు ఒక్కటే. ఈ డ్రమ్మర్ వాయింపు రెండు నిమిషాలు విన్నా నీకు ఆ అనుమానం వచ్చి ఉండేది.

నువ్వు విన్నావా అసలు? నీ వ్యాసంలో నాకు దొరకనిది అదే.

ఈ మాట అడిగే హక్కు నాకు లేదు. ఎందుకో చెబుతాను. తొంభైల్లో నేను లండన్ పక్కన హౌన్‌స్లోలో ఉండేవాణ్ని. హీత్రూ విమానాలకు భోజనం ట్రేలు సర్దే చోట రాత్రి డ్యూటీ. పగలు నిద్ర పట్టక పాత సామాన్ల షాపుల చుట్టూ తిరిగేవాణ్ని. అక్కడ రెండు పౌండ్లకు దొరికింది ఈ ఎల్పీ. 1975, ఎ అండ్ ఎం కంపెనీ. అట్ట మీద శిథిలాల మధ్య పడి ఉన్న మనుషులు, వెనక అయిదు పాటల పేర్లు. నా దగ్గర ప్లేయర్ లేదు. అయినా ఆ అట్ట చూసి నాలుగు పేజీల వ్యాసం రాసి మన తెలుగు పత్రిక ఒకదానికి పంపాను. "సిల్వర్ టైట్‌రోప్" గురించి "నిప్పులు కక్కే గిటార్, తాడు మీద ఉరుకులెత్తే డ్రమ్స్" అని రాశాను. నాకిప్పటికీ నోటికి వచ్చు ఆ వాక్యం, సిగ్గుతో.

అచ్చయింది. సంపాదకుడు సగానికి కోసి, మిగిలిన జాగాలో హాలీవుడ్ సినిమా ఆర్మగెడ్డాన్ పోస్టరు వేశాడు! అప్పుడే విడుదలైంది లే, 1998. నాకు నాలుగు మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. ఒక్కరు కూడా "నువ్వు ఈ పాట విన్నావా" అని అడగలేదు. ఆ సంపాదకుడి మీద నాకింకా కోపమే, పోస్టరుకి కాదు, నన్ను పట్టుకోనందుకు.

ఆ తర్వాత నెలకి మా ఇంటి ఓనరు, పంజాబీ పెద్దాయన, ముందుగదిలోని తన పాత ప్లేయర్ మీద వేసుకోనిచ్చాడు. "బజర్డ్" మొదలవగానే ఆయన తల్లి లోపల్నుంచి వచ్చి ఏదైనా కూలిందా అని అడిగింది. ఎనిమిది నిమిషాలు ఊపిరాడనివ్వదు ఆ పాట. ఆ వెంటనే "సిల్వర్ టైట్‌రోప్". జోలపాటంత మెత్తగా వచ్చింది. ఆ పెద్దావిడ కూర్చుని విన్నది. నేను మాత్రం లేచి బయటికి పోయాను, చెవులు మండుతుంటే.

అందుకే నాకు పిచ్చి పట్టినట్టు ఒకటే మాట చెబుతుంటాను: రికార్డు అంటే రెండు వైపులు. నువ్వు ఫోన్లో అయిదు పాటలు వరసగా విని "మధ్యలో కొంత తగ్గుతుంది" అన్నావు. మధ్య ఎక్కడ? మొదటి వైపు మూడు పాటలు, సుమారు ఇరవై ఒక్క నిమిషాలు. మూడోది చిన్నది, విరిచి విరిచి కొట్టే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క. అది అయ్యాక సూది చప్పుడు. లేవాలి, తిప్పాలి. అప్పుడు "లాస్ట్ స్టాండ్ బిఫోర్", దాని తర్వాత పదకొండు నిమిషాలు దాటే "బాస్కింగ్ ఇన్ ద వైట్ ఆఫ్ ద మిడ్‌నైట్ సన్", నాలుగు ముక్కలు కలిపి కుట్టింది. లండన్ ఒలింపిక్ స్టూడియోలో వాళ్లు ఆ పాటల్ని ఇలా రెండు వైపులకి పంచారంటే, మధ్యలో నువ్వు లేస్తావని తెలిసే పంచారు. ఆ లేవడం నీ వ్యాసంలో లేదు. వారం వారం టాప్ పది జాబితాలు రాసేవాళ్లకి ఇది చాదస్తం. ఉండనీ.

రెల్ఫ్ చావు గురించి ఒకటిన్నర పేజీ రాశావు. బాత్‌టబ్‌లో పోయాడన్న కథ కొట్టెయ్, అది పుకారు. 1976 మేలో, ముప్ఫై మూడేళ్లకి, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేని ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ షాక్ కొట్టి పోయాడు. రెనెసాన్స్ పాత మిత్రులతో మళ్లీ కలిసి పనిచేస్తున్నాడప్పుడు. ఇంతే, మూడు వాక్యాలు. ఆ ఇల్లు హౌన్‌స్లోలోనే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ట్రేలు సర్ది తెల్లవారి బస్సులో వచ్చేటప్పుడు ఏ వీధి దాటానో ఏమో.

ఇప్పుడు ఐదో పేజీ. "లాస్ట్ స్టాండ్ బిఫోర్" వింటుంటే మీ అమ్మగారు వంటింట్లోంచి "ఎవర్రా అది, ఆయాసం ఉన్నవాడిలా ఊదుతున్నాడు" అన్నారని రాశావు. దాన్ని బ్రాకెట్లో పెట్టావు, "నవ్వొచ్చింది" అని కూడా చేర్చావు. ఆవిడకి ఆస్తమా అని పైన ఎక్కడో రాసినవాడివి నువ్వే కదా!

రెల్ఫ్‌కి చిన్నప్పటినుంచీ ఆస్తమా. ఆ పాటలో అతను ఊదింది హార్మోనికా, మౌత్ ఆర్గన్. అందులో ఊపిరి వదిలితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం. బ్లూస్ వాయించేవాళ్లకి పీల్చే స్వరాలతోనే ఎక్కువ పని. ఆ జబ్బున్న మనిషి ఎనిమిది నిమిషాల పాటలో ఆ వాయిద్యం నోట పెట్టుకుని ముగ్గురు మోతగాళ్లకి ఎదురు నిలబడ్డాడు. ఇది క్లాప్టన్‌తో కూడికలు వేసిన ఏ విమర్శకుడి చెవికీ పడలేదు నాకు తెలిసినంతలో. పోపు పెడుతున్న మనిషికి పడింది. ఆ బ్రాకెట్లు తీసెయ్. అక్కణ్నుంచి మొదలుపెట్టు. వంశవృక్షం ఉంచుకుంటే ఉంచుకో, ఒక్క పేరా.

ఇంకా ఏవో అడిగావు. పారితోషికం ఎంతిస్తారు, పుస్తకం వేస్తారా, అలాంటివి. ఉత్తరం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు.

అమ్మగారిని ఒకసారి తీరిగ్గా కూర్చోబెట్టి రెండో వైపు మొదటినుంచి వినిపించు. మధ్యలో లేచి వెళ్లిపోతే ఆపకు, ఎన్నో నిమిషంలో లేచారో రాసిపెట్టుకుని నాకు పంపు.