మందు రాసేటప్పుడు డాక్టరు ఫోన్‌లో ఏం చూస్తారు?

మీ అమ్మగారికి మందులు రాస్తూ హన్మకొండ డాక్టరు మధ్యలో ఫోన్ చూశారని, తెలియకనే చూశారా అని అడిగారు. నన్నడిగితే, అట్ల చూసి రాసే డాక్టరును వదులుకోకండి.

రోజూ రాసే గోలీలు ఏ డాక్టరుకైనా నోటికే ఉంటాయి. వెతికేది ఎక్కువగా కిడ్నీ లెక్క కోసం. రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) 1.4 అని ఉంటే ఆ అంకె ఒక్కటే చాలదు. వయసు, ఆడా మగా కలిపి లెక్కేస్తే ముప్పై ఏళ్ల మగమనిషికి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఏపాటి వడకడుతున్నాయో చెప్పే అంకె, 69 దాకా వస్తుంది, 75 ఏళ్ల పెద్దమ్మకు 39 దగ్గరే ఆగుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను ఈ ఈజీఎఫ్‌ఆర్ 45 దిగితే రోజుకు 1000 మి.గ్రా. దాటనివ్వరు, 30 దిగితే ఆపేస్తారు.

పిల్లల సిరప్‌లకూ లెక్క తప్పదు. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 10 కిలోల బిడ్డకు ఒకసారికి 150. అంటే 5 మి.లీ.కి 125 ఉండే సీసాలోంచి 6 మి.లీ., 250 ఉండే సీసాలోంచి 3 మి.లీ. అందుకే "ఒక మూత పోసిన" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. సీసా చూపించాలి.

ఒక మందుకు ఇంకోటి పడుతుందా అని చూసే విదేశీ యాప్‌లలో మన బ్రాండ్లు చాలావరకు దొరకవు. పైగా మన దగ్గర ఒకే గోలీలో రెండు మూడు మందులు కలిపినవి ఎక్కువ. మన బ్రాండ్ల వివరాలుండే సిమ్స్ లాంటిదాంట్లో గోలీ లోపల ఏమేం ఉన్నాయో చూసి, ఒక్కొక్కటీ విడిగా యాప్‌లో ఎక్కించాలి. మోతాదుకు నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ మందుల పుస్తకం నమ్మదగ్గది. కంపెనీ రెప్ ఇచ్చే కాగితం కొత్త మందు వచ్చిందని తెలుసుకునేందుకు సరే, దాన్ని చూసి మందు మార్చకూడదు.

అసలు ప్రమాదం యాప్‌లో ఎక్కని మందుతోనే. బీపీకి టెల్మిసార్టాన్, దానికి తోడు మూత్రం గోలీ వాడే మనిషి మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం తగ్గి ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీ ప్రమాదం. సూది సంగతి చెప్పకపోతే ఏ డాక్టరూ పట్టుకోలేరు. దాచకండి, కోప్పడినా సరే.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం పొట్లాలు, అన్నీ ఒకే కవర్లో వేసుకొని పోండి. క్రియాటినిన్ రిపోర్టు తేదీతో సహా ఉండాలి. షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరు, గడువు తేదీ ఉన్న ముక్క అడిగి తీసుకోండి. మందు పడక దద్దుర్లో ఇంకేదో వస్తే ముందు డాక్టరుకు చెప్పండి. తర్వాత మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకునే ప్రభుత్వ నంబరు 1800-180-3024కు పేషెంట్లు కూడా ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు.