పార్టీ లేకుండా కలిసి నిలబడొచ్చు, మా వాకిట్లో చూశాను

ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా జనం కలిసి రాజకీయంగా ఒత్తిడి తేగలరా, తెచ్చినా అది ఎన్నాళ్లు నిలుస్తుంది అని అడిగారు. తేగలరు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు. అందులో 178 మంది రైతులు. వాళ్లలో మా బాపు ఒకరు.

అడిగింది పెద్ద కోరికేమీ కాదు. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ధర ఇవ్వాలి, పసుపు బోర్డు పెట్టాలి. ఆ ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర హైవే మీద కూర్చున్నారు. వినేవాళ్లు లేకపోయారు. అప్పుడు ఊరూరా ఒకటే మాట నడిచింది: ఊరికి కొందరు చొప్పున నామినేషన్లు వేద్దాం, అప్పుడైనా మన దిక్కు చూస్తారు అని.

మా దిక్కు ప్రతి ఊళ్లో గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. కులానికి ఒకరిద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు, చాలా ఊళ్లలో సర్పంచ్ మాట కంటే దాని మాటే చెల్లుతుంది. జెండా, ఆఫీసు, అధ్యక్షుడు ఏవీ లేకుండా అంతమంది ఎలా కదిలారని బయటివాళ్లు ఆశ్చర్యపోయారు గానీ, కదిలించే యంత్రం అంతకు ముందే ఊళ్లలో ఉంది. ఇవే కమిటీలు కొన్ని ఊళ్లలో దళితులను సాంఘికంగా బహిష్కరించాయి కూడా. అది మరిచిపోయి వీటిని పొగిడేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆ మార్చిలో పని జరిగింది వీటి వల్లనే.

మా ఊరి నుంచి తొమ్మిది మంది ఒప్పుకున్నారు. డిపాజిట్ ఒక్కొక్కరికి 25,000. కొంత కమిటీ ఇచ్చింది, కొంత చందా, బాపుకు తక్కువ పడితే దుబాయ్ నుంచి అన్న పంపాడు. డిగ్రీ చదివినదాన్ని నేనే కాబట్టి ఫారాలు నింపే పని నా మీద పడింది. పసుపు ఉడకబెట్టే రోజులవి. పొద్దంతా కళ్లం దగ్గర ఉండి, చీకటి పడ్డాక తొమ్మిది మంది మా వాకిట్లో చేరారు. వాళ్ల చేతులు పచ్చగా ఉన్నాయి, కాగితాలు ముట్టొద్దని చెప్పి నేనే పట్టుకున్నాను.

పార్టీ లేని అభ్యర్థికి పది మంది ప్రతిపాదకులు, అంటే పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటర్లు, కావాలి. ప్రతి ఒక్కరి ఓటరు జాబితా భాగం నంబరు, వరుస నంబరు వెతికి రాయాలి. ఒకరికొకరు సంతకాలు పెట్టుకుని, తక్కువ పడినవి ఊళ్లోవాళ్లతో పెట్టిస్తే ఆ లెక్క తేలింది. అఫిడవిట్‌లో ఒక్క గడి ఖాళీగా వదిలినా తిరస్కరిస్తారేమోనని టెన్షన్. లేనిచోట 'లేదు' అని రాస్తూ పోయాను. అప్పుల గడి దగ్గర ఆగాల్సి వచ్చింది.

"బ్యాంకువే గాదు బాపూ, బయట తెచ్చినయి గూడ రాయాలె. ఎవరి దగ్గర తెచ్చిందో పేరు రాయాలె" అన్నాను.

"బయటివి గూడనా?" అన్నాడు. తొమ్మిది మందిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఇరవై ఏళ్లుగా పక్కపక్క పొలాలు చేసుకుంటున్నవాళ్లు. కూతురి పెళ్లికి ఎంత పెట్టిందీ గట్టిగా చెప్పుకుంటారు, అప్పు మాత్రం ఎవరిది వాళ్ల కడుపులోనే ఉంటుంది.

కొంచెంసేపటికి బాపే మొదలుపెట్టాడు. "రాయి బిడ్డా. మూడు లక్షల నలభై వేలు." ఎవరి దగ్గర తెచ్చాడో కూడా చెప్పాడు. మా పసుపు కొనే అడ్తిదారే. పక్కాయన తలెత్తి "నాదీ ఆయన దగ్గరనే" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. తొమ్మిదిలో ఏడుగురు పంట కొనేవాడి దగ్గరే అప్పు చేసినవాళ్లు. ధర పెరిగేదాకా సరుకు ఎందుకు ఆపుకోలేకపోతున్నారో ఆ రాత్రి ఒకరికొకరు చెప్పుకోకుండానే అర్థమైంది. ఏ మీటింగులోనూ ఏ నాయకుడూ అది చేయలేకపోయాడు.

ఓట్ల సంగతీ చెబుతాను. డిపాజిట్ పోయింది. బాపుకు వచ్చిన ఓట్లు మా వాడకట్టులో ఉన్న ఓట్ల కంటే తక్కువ. ఆయనకు ఇచ్చిన గుర్తును పన్నెండు బ్యాలెట్ యూనిట్ల మధ్య వెతకడానికి మా నానమ్మ కళ్లు సరిపోలేదు. టీవీవాళ్లకు ఆ యంత్రాల లెక్కే పట్టింది. ఎన్ని యూనిట్లు, రికార్డు అవుతుందా అని వారం రోజులు అడిగారు. క్వింటాలు పసుపు తీయడానికి ఎంత ఖర్చవుతుందని మా ఇంటికి వచ్చిన ఒక్క విలేకరి కూడా అడగలేదు.

కానీ సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి అరవింద్ గెలిచారు. 2023 అక్టోబర్‌లో బోర్డు ప్రకటించారు, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో మొదలైంది. 178 మంది నిలబడకపోతే ఆ బాండ్ పేపరే పుట్టేది కాదని నా నమ్మకం. పసుపుకు మద్దతు ధర మాత్రం ఇప్పటికీ రాలేదు.

మాకంటే ముందు 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ మీద దుశర్ల సత్యనారాయణ జల సాధన సమితి ఇలాగే చేసింది, అక్కడ 480 మంది పోటీలో ఉన్నారు. అదే ఏడు తమిళనాడులో పసుపు పండే ఈరోడ్ దిక్కునే మొడకురిచి అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డారు. ఆ ఏడే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు, పది మంది ప్రతిపాదకుల నిబంధన పెట్టారు. నేను రాత్రంతా వెతికిన ఆ భాగం నంబర్లు అక్కడి నుంచి వచ్చినవే. జనం కలిస్తే ముందు గేటు ఎత్తు పెంచుతారు, ఆ లెక్క కూడా వేసుకునే దిగాలి.

ఎన్నాళ్లు నిలుస్తుందన్నారు కదా. నా ఉద్దేశంలో నిలవాల్సిన పనే లేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం పుట్టిన తెలంగాణ జేఏసీ పార్టీలను, ఉద్యోగులను, విద్యార్థులను ఒక్కచోట కూర్చోబెట్టి 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నడిపింది. ఆ జేఏసీని నడిపించిన కోదండరాం 2018లో పార్టీ పెడితే ఆ ఏడాది ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. ఒక్క పని కోసం కలిసినవాళ్లను అన్ని పనులకూ కట్టి ఉంచాలని చూస్తే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు.

మళ్లీ చేస్తే ఒకటి మార్చాలి. ఆ రోజు మా వాకిట్లో కౌలు రైతు ఒక్కరు లేరు. పసుపు తవ్వేది, కొమ్ములు విరిచేది ఆడవాళ్లే అయినా అభ్యర్థిగా ఒక్క ఆడమనిషిని మా ఊరు పంపలేదు, ఫారాలు నింపడానికి మాత్రం నన్ను పిలిచారు. పోయిన ఉగాదికి కమిటీ ముందు ఈ మాట ఎత్తాను. చూద్దామన్నారు. మళ్లీ అడుగుతాను.